పిల్లల వార్డు కుందేలు తెర

అన్నిటికంటే నాకు భయమైనది ఏమిటో ముందే చెప్పేస్తాను. నా చాటున ఏడుస్తున్న బిడ్డ ఉన్నట్టుండి ఏడుపు ఆపేయడం. ఏడుస్తున్నంతసేపూ ఫరవాలేదు. ఊపిరుంది, కోపముంది, ఒంట్లో ఇంకా ఓపికుంది. ఆగిపోయిందంటేనే నా చక్రాలు వణుకుతాయి.

నేను ఒక తెరను. నాటకంలో లేచే తెరను కాదు, చప్పట్లు నాకు తెలియవు. ఆసుపత్రిలో మంచం చుట్టూ అడ్డం పెడతారే, ఇనప చట్రం, మూడు రెక్కలు, కింద చక్రాలు, ఆ తెరను. వార్డులో స్క్రీను అంటారు. సూది వేసేటప్పుడు, కట్టు మార్చేటప్పుడు, ఇంకా పైకి చెప్పలేనివి జరిగేటప్పుడు నన్ను లాక్కొస్తారు. జరిగేదాన్ని నేను ఆపను, తగ్గించను. కనబడకుండా చేస్తాను, అంతే. లోకంలో చాలా పెద్ద ఉద్యోగాలు కూడా ఇలాంటివేనని తరవాత తెలిసింది.

నేను పుట్టింది గోదావరి పక్క పట్నంలో, ఒక వెల్డింగు కొట్టులో. అదే గొట్టాల కట్టలోంచి నాతోపాటు పుట్టినవాళ్ళలో ఒకడు కోడిమాంసం కొట్టుకి తలుపయ్యాడు, ఇంకొకడు సైకిళ్ళ స్టాండయ్యాడు. నేను ఆసుపత్రికి వెళ్తున్నానంటే మేస్త్రి కాస్త గౌరవంగా, తుప్పు గీకి మరీ తెల్లరంగు వేశాడు. ఆసుపత్రివాళ్ళు పచ్చగుడ్డ తొడిగారు.

మొదట మగవాళ్ళ వార్డులో ఉన్నాను. అక్కడ నన్ను దండెం అనుకున్నారు. లుంగీలు, తువ్వాళ్ళు, ఒక్కోసారి క్యారేజీ గిన్నెలు కూడా తగిలించేవారు. బీడీ కాల్చుకోవడానికి నా చాటుకి వచ్చి, పొగ మాత్రం నా మీదుగా పైకి వదిలే తెలివైనవాళ్ళని చూశాను. ఆ తరవాత కాన్పుల వార్డుకి మార్చారు. నొప్పులు పడుతూ ఆడవాళ్ళు నా గొట్టాన్ని పట్టుకుని బిగించిన బిగింపుకి చట్రం ఒక పక్కకి వంగిపోయింది. ఆ వంకర ఇప్పటికీ ఉంది. దాని గురించి నేను ఎవరికీ ఫిర్యాదు చెయ్యను. పట్టుకోవడానికి మనిషి దగ్గర లేనప్పుడు ఇనుమైనా కాస్త వంగాలి కదా.

ఆఖరికి పిల్లల వార్డుకి వచ్చాను. అక్కడి నర్సు ఎస్తేరురాణి సిస్టరు. లావుపాటి మనిషి, గొంతు గట్టిది, చెయ్యి మెత్తన. అంత వార్డుకీ ఆవిడా, ఆవిడ మోకాళ్ళ నొప్పులూ. ఆ వార్డులో పిల్లలు మంచాల మీద ఉంటే, మంచానికీ గోడకీ మధ్య సందులో తల్లులు గోడకి జారబడి కూర్చునేవారు. కూర్చున్నచోటి నుంచే చెయ్యి చాపితే పిల్ల పాదం అందేది. అది అందినంతసేపూ పిల్లా నిద్రపోయేది, తల్లీ కునికేది. వార్డు చూడ్డానికి ఏమీ బాగుండేది కాదు. గోడలు పెచ్చులూడి, కప్పు మీద వానకి ఉరిసిన మరక ఒకటి ఉండేది. వెల్లకిలా పడుకున్న పిల్లలకి కనబడేది అదే కాబట్టి, వాళ్ళు దాన్ని ఒకరోజు దోసె అనుకునేవారు, ఒకరోజు గేదె అనుకునేవారు. దోసె అన్నవాళ్ళకీ గేదె అన్నవాళ్ళకీ తగాదాలు కూడా అయ్యేవి.

ఇలా ఉండగా ఆ పట్నంలో ఆడవాళ్ళ క్లబ్బుకి అధ్యక్షురాలైన రోహిణీదేవి గారికి పిత్తాశయంలో రాళ్ళు పడ్డాయి. ఆవిడ హైదరాబాదులో పెద్ద ఆసుపత్రిలో చేరి, ఆపరేషను చేయించుకుని వచ్చారు. అక్కడ గది గోడ మీద వేసిన తామరపూల బొమ్మ చూస్తూంటేనే తనకి సగం జబ్బు తగ్గిపోయిందని వచ్చినప్పటి నుంచీ అందరికీ చెప్పసాగారు. గదిలో ఏసీ ఉన్న సంగతి, పిలిస్తే పలికే నర్సు ఉన్న సంగతి, మంచం పక్కన కుర్చీలో వాళ్ళాయన చెయ్యి పట్టుకుని కూర్చున్న సంగతి ఎందుకో ఆవిడకి గుర్తు రాలేదు. తామరపూలే గుర్తున్నాయి.

ఆ తామరపూల పుణ్యమే మా వార్డు మీద పడింది. రోహిణీదేవి గారి అక్క కూతురు తన్వి ఏదో పెద్ద నగరంలో డిజైను చదువుకుంది. ఆ అమ్మాయి వచ్చి, వార్డు మధ్యలో నిలబడి, చేతులు రెండూ చట్రంలా పెట్టి అందులోంచి గోడల్ని చూసింది. మంచి పిల్లే. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. ఈ గోడలు పిల్లల్ని భయపెడుతున్నాయంది. ఒక్క పిల్లనైనా అడిగి ఉంటే, భయపెట్టేవి గోడలు కాదు సూదులని చెప్పేవారు. ఒక్క నిమిషం మంచం మీద వెల్లకిలా పడుకుని చూసి ఉంటే, అక్కణ్ణుంచి గోడలు కనబడనే కనబడవని తెలిసేది. పడుకోలేదు. ఆ దుప్పటి మురికి చూసి పడుకోలేదంటే మాత్రం నేనూ తప్పు పట్టను.

గోడల నిండా అడవి వచ్చింది. జిరాఫీ, జీబ్రా, పొద్దుతిరుగుడు పూలు, అన్నీ నిలబడ్డవాళ్ళ కళ్ళకి ఎదురుగా. కప్పు మీద మరకకి సున్నం కొట్టేశారు. దోసె పోయింది, గేదె కూడా పోయింది.

అయితే మా తల్లులు తలకి నూనె రాసుకుంటారు. పిల్ల జ్వరంతో ఉన్నా సరే, పొద్దున్నే ఇంత కొబ్బరినూనె అద్ది జడ వేసుకుంటే గానీ వాళ్ళకి తెల్లారినట్టుండదు. వాళ్ళు జారబడిన చోటల్లా జిరాఫీ పొట్ట మీద గుండ్రటి మరకలు పడ్డాయి. రెండోసారి వచ్చినప్పుడు రోహిణీదేవి గారు అవి చూసి గుండె పట్టుకున్నారు. ఆ వారంలోనే తలుపు మీద బోర్డు వెలిసింది: గోడలకు తలలు ఆనించరాదు, తల్లులు వరండాలో వేచియుండవలెను, భోజన సమయమున మాత్రమే అనుమతి. పిల్లలకి ధైర్యం ఇవ్వడానికి జిరాఫీ వచ్చింది, జిరాఫీ మాసిపోతుందని అమ్మలు బయటికి వెళ్ళారు. ఇందులో ఎవరికీ ఏమీ వింతగా అనిపించలేదు. వరండాలో కొత్త కుండీలు కూడా పెట్టారు మరి.

నా వంతూ వచ్చింది. పచ్చగుడ్డ విప్పి ప్లైవుడ్ పలకలు బిగించారు. తన్వి నగరం నుంచే ఫోనులో ఒక కుందేలు బొమ్మ పంపి, స్నేహంగా ఉండాలి, కళ్ళు పెద్దవిగా ఉండాలి, నవ్వు బాగా కనబడాలి అని రాసింది. గీసినవాడు సత్తిబాబు. అతని పని లారీల వెనక పేర్లు రాయడం, కొత్త ఇళ్ళకి దిష్టిబొమ్మలు వెయ్యడం. కళ్ళు పెద్దవిగా అంటే అతనికి చేతనైనవి ఒకే రకం. నవ్వు కనబడాలంటే పళ్ళు కనబడాలి కదా అని, రెండే వేస్తే పనికి బద్ధకించాడనుకుంటారని, నోటి నిండా వేశాడు. ఫొటో తీసి పంపితే, ఫోనులో అంగుళమంత కనబడిన కుందేలుకి తన్వి జవాబుగా ఎర్రటి గుండె బొమ్మ పంపింది. నా లోపలివైపు పలక మీద ఏం వెయ్యమంటారని సత్తిబాబు అడిగితే, అటువైపు ఎవరు చూస్తారులే అన్నారు. నిజమే. అటువైపు ఉండేది జబ్బు పిల్ల ఒక్కతే.

ప్లైవుడ్ బరువుకి నా ముందుచక్రం కీచుమనడం మొదలుపెట్టింది. వార్డు ఒక మూలనుంచి నన్ను కదిలించగానే కీచు, ఆ వెనక అంతలేసి కళ్ళు, పళ్ళు, ఆ వెనక సూది. పిల్లలు చదువు రానివాళ్ళేమో గానీ తెలివిలేనివాళ్ళు కాదు. ఒకటి తరవాత ఒకటి ఏమొస్తుందో వాళ్ళకి రెండోసారికే తెలిసిపోతుంది. నన్ను చూసి దుప్పటి ముసుగేసుకోవడం మొదలుపెట్టారు. ఎవరి మంచం దగ్గర ఆగుతానోనని ఊపిరి బిగబట్టి చూసేవారు. పక్క మంచం దగ్గర ఆగితే, తమది కాదని నవ్వేవారు. ఆ నవ్వుని ఎవరో ఫొటో తీసి, కుందేలుని చూసి ఆనందిస్తున్న చిన్నారులు అని పత్రికలో వేయించారు.

దీనికి తోడు తల్లులు. మన తల్లులకి బూచాడు లేనిదే ముద్ద దిగదు. ఇంటి దగ్గరైతే చీకట్లో గోనెసంచివాడో, మీసాల పోలీసో ఉంటాడు. ఇక్కడ ఎదురుగా నేను దొరికాను. భోజనాల వేళ లోపలికి వచ్చిన ప్రతి తల్లీ ఒక చేత్తో ముద్ద పట్టుకుని, ఇంకో చేత్తో నన్ను చూపించేది. ముద్ద మింగుతావా, కుందేల్ని పిలవమంటావా? మింగేవారు పాపం. నా పేరు మీద ఆ వార్డులో ఎన్ని కంచాలు ఖాళీ అయ్యాయో. హాయి ఇవ్వమని నన్ను తయారుచేస్తే, నెల తిరక్కుండా బూచినయ్యాను.

ఆ రోజుల్లోనే గీతిక వచ్చింది. నాలుగేళ్ళ పిల్ల. వార్చిన గంజి గిన్నెలో కుడిచెయ్యి పెట్టేసింది. తల్లి వీరవేణి కొబ్బరిపీచు షెడ్డులో పనిచేస్తుంది, తనే ఇంకా చిన్నపిల్లలా ఉంటుంది. నేను వెనక్కి తిరిగింది ఒక్క క్షణమేనండి అని కనబడిన ప్రతివాళ్ళకీ, ఊడ్చేవాళ్ళకీ, గేటు దగ్గరవాళ్ళకీ కూడా చెప్పుకునేది. ఎవరూ అడక్కపోయినా చెప్పేది.

డాక్టరు వీరవేణికి ఒకే మాట గట్టిగా చెప్పాడు. ప్రాణానికి భయం లేదు, చేతికే భయం. పిల్ల పిడికిలి బిగించి ఉంచుకుంటే పుండు అలాగే మానిపోతుంది, వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుని ముడుచుకుపోతాయి. కట్టు మార్చిన ప్రతిసారీ వేళ్ళు విడదీసి మధ్యలో గుడ్డ పెట్టాలి, అందుకు పిల్ల చెయ్యి తెరవాలి. అర్థమైందా అంటే తలూపింది. అర్థం కాకేం, పీచు పని వేళ్ళతోనే కదా చేసేది.

గీతిక మొదటిరోజు తెరిచింది. రెండో రోజు అన్నం తిననంటే వీరవేణి కూడా అందరిలాగే నన్ను చూపించి భయపెట్టింది. నోటికొచ్చింది అనేసింది. ఆ తరవాత కాసేపటికే నేను కీచుమంటూ సరిగ్గా ఆ మంచం దగ్గరికే వెళ్ళాను. పిల్ల నన్ను చూసిన చూపు ఎలా చెప్పను. అన్నం తినేశాను కదా, మరెందుకొచ్చావు అన్నట్టు చూసింది.

నన్ను చుట్టూ తిప్పి మూసేశారు. తల్లి వరండాలో కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. లోపల పిల్ల అమ్మా అమ్మా అని ఏడ్చింది, తిట్టింది, కాళ్ళతో తన్నింది. ఉన్నట్టుండి ఆగిపోయింది. చప్పుడు లేదు. నాకు పెట్టిన అంతలేసి కళ్ళూ బయటికే చూస్తున్నాయి. లోపల ఏమైందో చూడ్డానికి ఒక్కటీ లేదు. నవ్వు ముఖం పెట్టుకుని అలాగే నిలబడ్డాను.

వీరవేణి గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చింది. బోర్డు పెట్టినప్పటి నుంచీ గుమ్మం దగ్గర కాపలా ఉంటున్న గేటు మనిషి అది చూపించి ఆపేశాడు.

"సిస్టరమ్మగారండి, పాప మాటాడ్డం లేదేటండి?" అని అక్కణ్ణుంచే అడిగింది.

"బాగానే ఉంది లేవే. బిగుసుకుపోయి కూర్చుంది. పిడికిలి ఇవ్వడం లేదు" అంది సిస్టరు.

పిల్ల ఊపిరి బిగబట్టి, కాలిన చెయ్యి చంకలో దాచేసుకుందట. లాగితే పుండు చిరుగుతుంది. చేసేదేమీ లేక పిడికిలి మీదే కట్టు కట్టేశారు. మర్నాడూ అంతే. ఆ మర్నాడు డాక్టరు చూసి పెదవి విరిచాడు. ఇంకొన్ని రోజులు ఇలాగే ఉంటే ఆ చెయ్యి ఇంక తెరుచుకోదన్నాడు.

అదే వారం క్లబ్బువాళ్ళు ఫొటోకి వచ్చారు. కుందేలు పక్కన ఒక పాపని నిలబెట్టాలన్నారు. చేతికట్టు ఉంటే ఫొటో నిండుగా ఉంటుందని గీతికని ఎంచుకున్నారు. నన్ను కదిపారో లేదో పిల్ల కెవ్వుమంది. ఆ కేకకి పక్క మంచం, దానికి ఆ పక్క మంచం, వార్డంతా ఒకేసారి ఎత్తుకుంది. జిరాఫీ మాత్రం నవ్వుతోంది. రోహిణీదేవి గారు చెవులు మూసుకున్నారు.

సూపరింటెండెంటు గారి గదిలో మీటింగు పెట్టారు. మధ్యలో నన్ను నిలబెట్టి, నిందితురాలిలా చూశారు. ఫొటో కోసం వచ్చిన తన్వి బాధపడింది, తప్పు కుందేలుదే అయి ఉంటుందంది. చెవులు కోసుగా ఉండడం వల్ల పిల్లలు ఇబ్బంది పడతారంది. ఒకరు బాతు అన్నారు, బాతు పొడుస్తుందని ఇంకొకరు అన్నారు. సూపరింటెండెంటు గారు ఏనుగైతే శుభం కూడాను అన్నారు. ఎస్తేరురాణి సిస్టరు ఏదో అనబోయింది. ఆవిడని టీలు ఎందుకు ఆలస్యమయ్యాయో చూడమన్నారు. ఆవిడ వచ్చేసరికి ఏనుగు ఖాయమైంది. నా మీద ప్రపంచంలో జంతువులన్నిటినీ మార్చి చూశారు. తల్లిని లోపలికి పిలిస్తే ఎలా ఉంటుందని ఒక్కరు కూడా అనలేదు. ఆవిడ జంతువు కాదు కదా.

ఏనుగు వెయ్యడానికి నన్ను వరండాలోకి తోశారు. సత్తిబాబు ఒక పూత వేసి, ఆరాక వస్తానని వెళ్ళి, లారీ పని తగిలి రాలేదు. నేను కిటికీ పక్కన సగం బూడిదరంగుతో నిలబడి ఉన్నాను. అంటే లోపల మంచాల దగ్గర నేను లేను. పుట్టిన తరవాత మొదటిసారి, జరిగేదాన్ని దాచకుండా చూశాను.

కట్టు మార్చే వేళైంది. అడ్డం పెట్టడానికి స్క్రీను లేదు. సిస్టరు అటూ ఇటూ చూసి, గుమ్మం వైపు తిరిగి, "వేణీ, నువ్వే రా. అడ్డంగా కూర్చో" అంది. గేటు మనిషి బోర్డు వైపు చూశాడు. "నా మొహం చూడు, బోర్డు తరవాత చూద్దువు గానీ" అని సిస్టరు అతన్ని గుమ్మంలోంచి తప్పించింది.

వీరవేణి మంచం మీదకెక్కి, జిరాఫీకి వీపు ఆన్చి, పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. తరవాత కట్టు మీదే వేలు పెట్టి, "ఇందులో ఎవరున్నారో చెప్పు?" అంది. పిల్ల చెయ్యి ఇంకా దగ్గరికి లాక్కుంది. "ఈ చివర్న బొద్దుగా ఉన్నది తాతయ్య. తాతయ్య లేచాడా?" అంది. సిస్టరు మెల్లగా కట్టు విప్పుతూంటే పిల్ల అటే చూసింది. బొటనవేలు కొంచెం కదిలింది. సిస్టరు గబుక్కున మధ్యలో గుడ్డ పెట్టింది. "అమ్మమ్మ?" "నిద్దరోతంది" అంది గీతిక. "ఇంత పొద్దెక్కాక నిద్రేటి, కాపీ ఎవరెడతారు? లేపు." పిల్ల ఏడుస్తూనే లేపింది. ఏడుపు ఆగలేదు, వార్డు చివరిదాకా వినబడింది. నాకు ఆ ఏడుపు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. పెదనాన్న, అమ్మ ఒక్కొక్కరే లేచారు. ఆఖరి చిటికెన వేలు ఎవరని అడిగితే, నేనే అంది పిల్ల. దాన్ని ఎవరూ లేపక్కర్లేకుండానే చాపింది.

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. చూసి పక్క మంచం తల్లి కూడా అడగకుండానే లోపలికి వచ్చి కూర్చుంది. జిరాఫీ పొట్ట మీద మళ్ళీ మరకలు మొదలయ్యాయి. ఆ వార్డుకి నేను చేసిన మేలు ఏదైనా ఉంటే, నేను అక్కడ లేకపోవడమే.

సత్తిబాబు చివరికి వచ్చి ఏనుగుని పూర్తిచేశాడు. కళ్ళు మళ్ళీ అవే. పూత పల్చన కావడంతో ఏనుగు కణతల దగ్గర కుందేలు చెవులు లీలగా కనబడేవి. రిబ్బను కత్తిరించారు. నన్ను లోపలికి తోస్తూంటే గీతిక తల్లిని అడిగింది: "ఏనుగు కుందేల్ని మింగేసిందా అమ్మా? ఇంకా లోపలుందా?" రోహిణీదేవి గారు ముద్దుగా నవ్వి, పాప ఊహాశక్తి పెరిగిందన్నారు.

క్లబ్బు కారు గేటు దాటగానే ఎస్తేరురాణి సిస్టరు కీచుమనే నా ముందుచక్రం వైపు చూసింది. ఒక్క తన్ను తన్నింది. చక్రం దొర్లుకుంటూ మంచం కిందికి పోయింది. "ఇది పనికిరాదు, కండెమ్" అంది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ మాటకి తిరుగులేదు. నన్ను వెనక గదిలో విరిగిన కుర్చీల మధ్య పడేశారు. పైనుంచి ఎవరైనా స్క్రీను ఏదని అడిగితే బాగుచెయ్యడానికి ఇచ్చామని చెబుతుంది. బోర్డు మాత్రం ఇంకా ఉంది. ఆవిడ దాని మీద తన కోటు తగిలిస్తుంది.

ఈ గదికి కిటికీ ఉంది. అక్కణ్ణుంచి కట్టు కట్టించుకునేవాళ్ళ వరస కనబడుతుంది. గీతికని ఇంటికి పంపేటప్పుడు డాక్టరు మరీ మరీ చెప్పాడు. పుండు మానినా సరే, రోజూ వేళ్ళు వెనక్కి సాగదీయాలి, ఏడ్చినా మానకూడదు, వారానికోసారి తెచ్చి చూపించాలి. కొన్నాళ్ళు వీరవేణి తెచ్చింది. చివరిసారి చూసినప్పుడు మూడు వేళ్ళు తిన్నగా ఉన్నాయి, చిటికెన వేలూ దాని పక్కదీ కొద్దిగా లోపలికి తిరిగి ఉన్నాయి. తరవాత రాలేదు.

మొన్న వాళ్ళ ఊరామె వరసలో కనబడితే సిస్టరు అడిగింది. వీరవేణి షెడ్డులో పనికి మళ్ళీ వెళ్తోందట. పిల్లని అమ్మమ్మ చూస్తోందట. వేళ్ళు సాగదీస్తే గోల పెడుతోందని, పసిదాన్ని ఏడిపించడమెందుకని అమ్మమ్మ మానేసిందట. ఇప్పుడసలు ఏడవడమే లేదు, చాలా హాయిగా ఉంటోందమ్మా అని ఆ ఊరామె సంతోషంగా చెప్పింది. సిస్టరు కడుతున్న కట్టు మధ్యలో ఆపేసింది. రమ్మని కబురు పెట్టింది. ఇంకా రాలేదు. వార్డు వదిలి వెళ్దామంటే ఆవిడ ఒక్కతే కదా.

నాకున్నవి మూడు చక్రాలు, అవీ తుప్పు పట్టాయి. అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను. వాళ్ళది పల్లపులంక. రేవు దిగగానే కొబ్బరిపీచు షెడ్డు కనబడుతుంది. దాని వెనక సందులో, నీలం తలుపు ఇల్లు. వెళ్ళేటప్పుడు గుప్పెడు వేరుశనగ పప్పులు పట్టుకెళ్ళండి. బొమ్మలేమీ తీసుకెళ్ళకండి. పిల్లని పిలిచి, కుడిచెయ్యి చాపమనండి. అరచెయ్యి పూర్తిగా పరుచుకుంటే పప్పులు పోసి వచ్చేయండి. పరుచుకోకపోతే పప్పులు ఎడమచేతిలో పోసి, తిన్నగా షెడ్డులోకి వెళ్ళి, తల్లిని పక్కకి పిలిచి చెప్పండి. కోప్పడకండి, తనని తాను చాలా తిట్టుకునే మనిషి. సిస్టరు లోపలికి రానిస్తుంది, ఒళ్ళో కూర్చోబెట్టుకోనిస్తుంది, ఇంకా ఆలస్యం కాలేదు అని మాత్రం చెప్పండి. రేపు కుదరకపోతే ఎల్లుండైనా, ఒక్కసారి వెళ్ళి ఆ చెయ్యి చూసి రండి.